ఎండు మందు

దేవుడి గూట్లో అప్పన్న పటం వెనక నుంచి తీసిన సీసాని బాబూరావు భోజనాల బల్ల మధ్యలో, పప్పు గిన్నె పక్కన పెట్టాడు. వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వచ్చి కూర్చున్నాడు.

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

బొటనవేలంత గోధుమరంగు సీసా. మీద థాయి అక్షరాల కాగితం సగం గీకేసి ఉంది. అడుగున కొద్దిగా నూనె. ఆదివారాలు దేవుడికి అగరొత్తులు వెలిగించేది ఎప్పుడూ పద్మినే. ఈ ఆదివారం ఏ బుద్ధి పుట్టిందో, తెల్లారగానే బాబూరావు వెలిగించాడు. అప్పటి నుంచి సీసా అతని జేబులోనే ఉంది. తారకి పొద్దున వేయాల్సిన చుక్కలు పడలేదు.

"ఏటిది?"

అడిగింది భార్యని. చూసింది మాత్రం ఆమె తమ్ముడు వాసుని.

"తారకి మందు," అంది పద్మిని.

"మందైతే మందుల కాడ ఉండాల. దేముడెనక ఎందుకున్నాది?"

పద్మిని దగ్గర చెప్పడానికి ఏదో ఉండాలి, ఉంది కూడా. కానీ అది ఎక్కడో దూరంగా, పక్కింటి వాళ్ళ సామానులా ఉంది. ఆమె చూపు అలవాటుగా కూతురి ఎడమ చేతి మీదికి పోయింది. ఎనిమిదేళ్ళ తార కుడిచేత్తో అప్పడం విరుచుకుంటోంది. ఎడమచేయి ఒళ్ళో ఉంది. బొటనవేలు బయటికే ఉంది.

మూర్ఛ వచ్చే ముందు ఆ బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. జనం గడియారం చూసినట్టు పద్మిని ఆ వేలుని చూస్తుంది. నూనె మొదలుపెట్టాక, ఈ వానాకాలమంతా, అది ఒక్కసారే ముడుచుకుంది.

"నాన, నా సే ఎందుకు ఇక్కడెట్టినావు?" అంది తార.

బర్మా మాటలో సే అంటే మందు. బాబూరావు మొహం గట్టిపడింది.

"తెలుసేటి దీనికి? గుంటకి కూడా సెప్పీసినారా ఇది గంజాయి అని?"

"నానే సెప్పాను బావా," అన్నాడు వాసు. "నోట్లో ఏసుకునేది ఏటో దానికి తెలియాల కదా. ఎవరికీ సెప్పొద్దని కూడా సెప్పాను."

"తెలివైనోడివి."

"అరవకు బావా. కిందింటోల్లకి ఇనిపిస్తాది."

"నానరుస్తున్నానా?"

నిజమే. అతను అరవడం లేదు. రంగూన్ సేక్కాన్ రేవులో కస్టమ్స్ కాగితాలు చూసుకునే మనిషి, ఒక్కో మాటకీ ముద్ర వేసినట్టు మాట్లాడుతున్నాడు. అరిస్తేనే బాగుండేది.

"ఇప్పుడు దీన్ని నువ్వు తూములో పోస్తావా పద్మినీ, నాను పొయ్యనా?"

"పోస్తే మల్లీ దొరకదు," అంది పద్మిని. తన గొంతు తనకే అద్దె గొంతులా వినిపించింది. "ఇదే ఆఖరిది."

"ఆఖరిదేటి? మీ తమ్ముడు మ్యావడీ బస్సెక్కి నది దాటితే అవతల థాయి దేశమంతా ఇదే కదా. పచ్చలైట్లేసి అమ్ముతున్నారని ఈడే అన్నాడు."

"అప్పుడు అమ్మినారు," అన్నాడు వాసు. "ఇప్పుడు అక్కడా డాక్టరు సీటీ అడుగుతున్నారు. రూల్ మార్సీసినారు. సూడు బావా, ఆ సీటీ తప్పని నానంటన్లేదు. అదే కావాలంటున్నాను మనకీ. రాసే డాక్టరు ఒకడు, ఇచ్చే కొట్టు ఒకటి. అంతే. ఎవుడు పడితే ఆడు సందులో పీల్చమంటున్నానా? నదికి ఆ పక్క మందు, ఈ పక్క జైలు. మద్దిన ఉన్నది నడుంలోతు నీల్లు. నడుంలోతు నీల్లకి ఆకు మారిపోతాదా?"

"డాక్టరు మాత్రలిచ్చాడు కదా. అయ్యెయ్యండి."

"మాత్రలేయి బావా? పజుండౌంగ్‌లో మందుల కొట్లన్నీ తిరిగినాం, మింగళ తౌంగ్‌న్యున్ తిరిగినాం. సరుకు రావడం లేదంటున్నారు. రాసిన డాక్టరే లేడు, ఆయనే దేశం దాటీసినాడు. నువ్వు రేవులో పనిచేస్తున్నావు, నీకు తెలీదా ఏ డబ్బా దిగుతున్నాదో ఏది దిగటం లేదో?"

బాబూరావు నీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టాడు.

"రవీంద్ర ఆకుతోనే మొదలెట్టినాడు," అన్నాడు.

గోడ మీద, ప్లాస్టిక్ దండ లోపల, అతని తమ్ముడు రవీంద్ర నవ్వుతున్నాడు. ఈ ఇంట్లో ఏ పోట్లాటైనా ఆ ఫొటో దగ్గరికొచ్చి ఆగుతుంది.

"ఆకు. తరవాత మత్తు మాత్రలు. తరవాత..." అతను అక్కడే వదిలేశాడు. "ముందు అందరూ మందనే అంటారు. మందని తలుపు తీసినాక ఎవుడొస్తున్నాడో ఎవుడు సూస్తాడు?"

"రవీంద్ర బావకి ఆకమ్మినోడే మాత్రలూ అమ్మినాడు. ఆకు కొట్లో దొరికుంటే ఆ సందులోకే ఎల్లీవోడు కాదు."

"నా తమ్ముడి పేరెత్తకు."

"ఎత్తింది నువ్వు."

ఫ్యాను ఆగింది. ఫ్రిజ్జు ఒకసారి వణికి ఊరుకుంది.

"మీ త్వాబీ," అంది దేముడమ్మ, గాలి మారిస్తే మాట మారుతుందన్నట్టు. బాబూరావు తల్లి. పుట్టింది రంగూన్‌లోనే అయినా, ఆమె బర్మా భాష వంటింటి గడప, చేపల బజారు దాటి వెళ్ళలేదు. బర్మాలో మీ అంటే కరెంటు; కరెంటు పోయింది అన్నదాన్ని మాటకి మాట పెట్టి చెప్పింది.

"అలగనకూడదు మామ్మా," తార వెంటనే దిద్దింది. "కరెంటు నడుసుకుని ఎల్లిపోయిందని అర్థం. మీ ప్యెబీ అనాల."

"ఎల్లిపోయింది కదే మరి?"

"ప్యెబీ!"

"సర్లే టీచరమ్మా." దేముడమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, మీ తాత దండాసి సంగతి తెలుసా నీకు? మన గంజాంలో సర్కారోడి కొట్లోనే అమ్మీవోరంట ఇది. శివరాత్రికని పొట్లం కొనుక్కుని ఓడెక్కినాడు. ఇక్కడ రేవులో అడుగెట్టగానే పట్టీసినారు. సర్కారు కొట్లో కొన్నదే కదా బాబూ అంటే ఇనరే! ఓడలో ఉండగా ఏ గడియలో అది తప్పైపోయిందో, సచ్చిందాకా ఆయనకి తెలీలేదు."

"పేరులోనే ఉంది అత్తా," అన్నాడు వాసు. "గంజాం. మనల్ని ఎవుడు నమ్ముతాడు?"

దేముడమ్మ కిసుక్కున నవ్వింది. తార నవ్వింది. బాబూరావు నవ్వలేదు.

"ఇను వాసూ. పిల్ల ముందే సెప్తున్నాను. ఎవరైనా వచ్చి ఈ ఇంట్లో ఉన్నాదా అని అడిగితే, నాను లేదనను. అబద్దం ఆడను. నీ గురించీ అంతే. ఇంటికొచ్చిన సుట్టం రాత్రి పడుకుంటే వార్డు ఆఫీసులో రాయించాల, నీ పేరు రాయించలేదు. సైన్యంలో సేర్సడానికి పేర్లు లాగే వయసు నీది. పట్టుకుంటే—"

తాడు గంట మోగింది.

నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి వీధి దాకా వేలాడే తాడు. కింద ఎవరు లాగినా ఇంట్లో గంట కదులుతుంది. పాలవాడు ఒకసారి లాగుతాడు. ఇది ఆగకుండా మోగింది.

పద్మిని బాల్కనీలోంచి తొంగి చూసింది. వార్డు పెద్ద ఊ ఛిట్ మౌంగ్, తెల్లచొక్కా, ఆకుపచ్చ లుంగీ. పక్కన తుపాకులతో ఇద్దరు. ఆయన తల పైకెత్తి, బంధువులింటికి వచ్చినట్టు చెయ్యి ఊపాడు.

పోయిన వారం పక్క వీధి హరినాథ్ ఇంటికీ ఇలాగే చెయ్యి ఊపుకుంటూ వెళ్ళాడు. టీ తాగాడు, కబుర్లు చెప్పాడు. కిందికి దిగేటప్పుడు హరినాథ్‌ని వెంట తీసుకెళ్ళాడు.

"తాళం దించు," అన్నాడు బాబూరావు.

ఆమె కింది తలుపు తాళంచెవిని తాడు క్లిప్పుకి తగిలించి దించింది. భయం ఉండాల్సిన చోట ఎవరో దూది కూరినట్టుంది.

వెనక్కి తిరిగేసరికి వాసు లేడు. వంటింటి వెనక ఇనుప మెట్ల మీద, డాబా మీది నీళ్ళ ట్యాంకుల వైపు, పాదాల చప్పుడు సన్నబడి పోయింది. దేముడమ్మ వెనక తలుపు గడియ పెట్టి వచ్చి, వాసు కంచంలో అన్నాన్ని తన కంచంలోకి వంచుకుని, ఖాళీ కంచాన్ని తన కంచం కింద పెట్టేసింది. బాబూరావు సీసా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఏం చేస్తాడో పద్మినికి తెలియలేదు. అడగాలనీ అనిపించలేదు.

ఊ ఛిట్ మౌంగ్ చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చాడు. తుపాకుల వాళ్ళు విడవలేదు.

"అన్నాల వేళకి వచ్చాను, ఏమనుకోకండి," అన్నాడు బర్మాలో. తాళంచెవిని తనే బల్ల మీద పెట్టాడు. "మామూలు చూపే. ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం," అంది పద్మిని.

"మ్యావడీ వైపు నుంచి ఎవరో చుట్టం వస్తూ పోతూ ఉంటాడట?"

పద్మిని భర్త వైపు చూసింది. బాబూరావు అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నాడు. లేదనలేదు. ఉన్నాడనీ అనలేదు.

"మా తమ్ముడు," అందామె. "ఎప్పుడైనా వస్తాడు."

"అలాగా." ఆయన కుర్చీ లాక్కున్నాడు. చూపు కంచాల మీదుగా జరిగి దేముడమ్మ దగ్గర ఆగింది. ముసలమ్మని చూస్తే ఆయనకి సరదా పుట్టినట్టుంది. మామ్మా అన్నట్టు, అఫ్వా అని పిలిచాడు. "ఏం అఫ్వా, ఇంట్లో సేజౌ ఏమైనా దాచావా?"

దేముడమ్మ మొహం వెలిగిపోయింది.

సే అంటే మందు. జౌ అంటే ఎండినది. ఎండు మందు! అరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ విలువివ్వని తన నాటుమందుల విద్యని ఒక సర్కారు మనిషి ఇంటికొచ్చి అడిగాడు. ఆ రెండు మాటలు కలిస్తే బర్మాలో గంజాయి అవుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?

"షీదె, షీదె!" అంది. ఉంది, ఉంది. "బోలెడుంది!"

తుపాకుల వాళ్ళిద్దరూ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డారు.

ఆమె లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మూత పీకి బల్ల మీద బోర్లించింది. కరక్కాయలు దొర్లాయి. శొంఠి కొమ్ములు, పిప్పళ్ళు, దారం కట్టిన నేలవేము కట్ట.

"ఇది కడుపుకి. ఇది దగ్గుకి. ఇది నాక్కో, జొరం పారిపోతాది. మంచి సేజౌ. మా అత్త నేర్పింది. నీక్కావాలా బాబూ? పట్టికెల్లు."

ముందు ఒక తుపాకివాడు నవ్వాడు. తర్వాత రెండోవాడు. ఊ ఛిట్ మౌంగ్ కరక్కాయ చేత్తో పట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

"రాసుకోండయ్యా," అన్నాడు వాళ్ళతో. "ముసలమ్మ ఇంట్లో సేజౌ దొరికింది. కడుపునొప్పికి."

దేముడమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. ఆయన లేచాడు. గుమ్మం వైపు తిరిగాడు.

"కాదు అఫ్వా," అంది తార.

స్కూల్లో పాఠం అప్పజెప్పే బర్మాలో, స్పష్టంగా.

"సేజౌ అంటే ఇవి కాదు. అదొక ఆకు. నేను వేసుకునేది దాని నూనె. సేజౌసీ అనాలి."

నవ్వులు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి. కింద వీధిలో ఎవరిదో జనరేటర్ మొదలై, ఆ చప్పుడు గదంతా నిండింది.

తార అందరి మొహాలూ చూసింది. ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. తన తప్పేమిటో అర్థం కాలేదు. మాట సరిగానే చెప్పింది కదా.

ఊ ఛిట్ మౌంగ్ ఆమె ముందు గొంతుక్కూర్చుని, కూతుర్ని పిలిచినట్టు థమీ అని పిలిచాడు. "నీదా థమీ? ఎక్కడుంది ఆ నూనె?"

తార నోరు విప్పలేదు. ఎవరికీ చెప్పొద్దన్న మావయ్య మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కానీ కళ్ళు వెళ్ళి నాన్న జేబు మీద వాలాయి.

బాబూరావు లేచాడు. మజ్జిగ చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. సీసా తీసి, అరచేతిలో పెట్టి చాచాడు.

అబద్ధం ఆడనన్న మనిషి. పద్మిని ఎదురుచూసింది, సినిమాలో ఎవరికో జరిగేది చూస్తున్నట్టు.

"నాది," అన్నాడు బర్మాలో. "మోకాలికి రాసుకుంటాను. రేవులో మెట్లెక్కి దిగి అరిగిపోయింది. పాప ఏదో విని కలిపేసింది."

ఊ ఛిట్ మౌంగ్ మూత తిప్పాడు. వాసన చూశాడు. ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని, నాలుకతో అద్దుకుని, కాసేపు గోడవైపు చూశాడు. తర్వాత తుపాకుల వాళ్ళకి గడ్డంతో మెట్లు చూపించాడు. వాళ్ళు దిగి వెళ్ళే దాకా ఆగాడు.

"మోకాలికి," అన్నాడు.

"అవును."

"మా అమ్మకి ఎముకల్లో కాన్సరు." చాలా నెమ్మదిగా అన్నాడు. "వానలు మొదలైన దగ్గర్నుంచి ఒక్కరాత్రి నిద్రపోలేదు. ఆస్పత్రిలో నొప్పిమందు లేదంటున్నారు. ఇది పనిచేస్తుందని ఎవరో అన్నారు. ఇది తెచ్చేవాడు మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

పద్మిని ఆ మొహాన్ని వెతికింది. కళ్ళకింద నలుపుంది. అది నిద్రలేక వచ్చిందో, మనుషుల్ని పట్టుకుని తిరిగి వచ్చిందో తెలిసే దారి లేదు. హరినాథ్ ఇంట్లో కూడా ఈ అమ్మ గురించే చెప్పాడేమో. హరినాథ్‌ని అడగడానికి లేదు.

"తెచ్చేవాడెవరూ లేరు," అన్నాడు బాబూరావు. రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

"ఉంటే నాకు కబురు పెట్టండి. నాకొక్కడికే." ఆయన సీసాని తన జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని, వెనక్కి తిరిగి, దేముడమ్మకి చేతులు జోడించాడు. "టీ మళ్ళీ వచ్చినప్పుడు, అఫ్వా."

మెట్ల మీద అడుగులు కిందికి వెళ్ళాయి.

దేముడమ్మ కరక్కాయలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టింది.

"నానేటి తప్పు మాటన్నానురా?" అంది.

"ఏటీ లేదమ్మా." బాబూరావు కుర్చీలో కూలబడ్డాడు. "పోయింది కదా. నాను పోసీద్దామన్నదే కదా. తూములో కాకపోతే ఆడి జేబులో."

పద్మిని అలవాటుగా కూతురి చెయ్యి చూసింది.

బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటోంది. నిదానంగా, పువ్వు మూసుకున్నట్టు.

ఆమె కుర్చీని పక్కకి తన్ని తారని పట్టుకుంది. పక్కకి తిప్పి చాప మీద పడుకోబెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పింది. చేతులు వాటి పని అవే చేశాయి. తార కాలు బల్లకోడుకి కొట్టుకుంది, ఒకసారి, మళ్ళీ. దేముడమ్మ బల్ల మీది ఇనుప తాళంచెవి తీసి పిల్ల గుప్పిట్లో కుక్కి "అప్పన్నా, అప్పన్నా" అంటోంది.

బాబూరావు చూశాడు. ఇంత దగ్గరగా, మొదటి నుంచీ చూడటం అతనికి ఇదే. మూర్ఛలన్నీ అతను రేవులో ఉన్నప్పుడే వచ్చేవి. వచ్చి పోయాయని సాయంత్రం పద్మిని చెప్పేది.

"మందు," అన్నాడు. "ఆ మందు ఎయ్యాల కదా. మందు!"

"ఏవండీ, ఒద్దు—"

అతను అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. మెట్ల కటకటాల మీద వంగి, గొంతు పగిలేలా, బర్మాలో కేకేశాడు. జీవితంలో ఎప్పుడూ అరవని మనిషి.

"ఊ ఛిట్ మౌంగ్! ఆగండి! అది నాది కాదు! మా పాపది! పాప మందది, ఇచ్చెయ్యండి!"

అంతస్తంతస్తునా తలుపులు తెరుచుకున్న చప్పుడు.

మొదలైన మూర్ఛని ఆ నూనె ఆపదు. రోజూ వేస్తూ ఉంటే రాకుండా చూస్తుందేమో గానీ, వచ్చినదాన్ని ఏమీ చేయలేదు. పద్మినికి తెలుసు. వాసుకి తెలుసు. బాబూరావుకి తెలియదు. ఎప్పుడైనా అడిగి ఉంటే కదా.

చెప్పాలనుకుంది. తార తల తన ఒళ్ళో కొట్టుకుంటోంది. ఆ తలని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది.

కింద అడుగులు ఆగాయి. తర్వాత పైకి రావడం మొదలైంది. చెప్పుల చప్పుడు ఒకటి. దాని వెనక బూట్లు.

వంటింటి వెనక ఇనుప మెట్లు ధడధడలాడాయి. బావ అరుపు డాబా దాకా వెళ్ళింది.

"అక్కా!" వెనక తలుపు గడియ కదులుతోంది. "అక్కా, పాపకేటైంది? తలుపు తియ్యి!"

దేముడమ్మ లేచి, తలుపు తీయడానికి వెళ్తోంది.